చెక్కపెట్టె కోయకుండా బ్లూటూత్ ఎలా? – పాత రేడియోలు, టేపు రికార్డర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఎంచుకున్నాను. నాలుగూ నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి వచ్చినవే. పాత పరికరంలో కొత్త ఎలక్ట్రానిక్స్ ఎలా ఇమడ్చాలన్నదే అన్నింటిలోనూ అడిగిన విషయం. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడవైంది, ఎందుకంటే అందులో ప్రాణాపాయానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది.

ప్రశ్న: కావలిలో మా పాత ఇల్లు సర్దుతుంటే అటక మీద తాతగారి వాల్వు రేడియో బయటపడింది. టేకు పెట్టె గట్టిగానే ఉంది గాని ముందున్న గుడ్డ చిరిగింది, వెనక అట్టకు ఒక మూల చెద పట్టింది. ఎవరూ ముట్టుకోక ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి భయపడి కరెంటు ఇవ్వలేదు. లోపలి భాగాలన్నీ తీసేసి, ఆ పెట్టెలో బ్లూటూత్ ఆంప్లిఫయర్ బోర్డు, కొత్త స్పీకర్లు అమర్చాలని నా ఉద్దేశం. నాన్నగారు మాత్రం ఒక్క మేకు కూడా పీకవద్దంటున్నారు. ఎవరి మాట సరైనది? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: నాన్నగారి మాట వినండి. ఆ మాట దాటకుండానే మీ ఫోనులోని పాటను ఆ పెట్టెలోంచి వినవచ్చు. ఈ రెండూ ఒకచోట కుదరవనుకోవడం వల్లనే మన ప్రాంతంలో ఎన్నో మంచి రేడియోలు డొల్ల పెట్టెలుగా మిగిలాయి. 1990లలో నేను కూడా ఒక మిత్రుడి రేడియోను అలాగే ఖాళీ చేసి కొత్త ఆంప్లిఫయర్ బిగించాను. నాలుగైదేళ్లకు ఆ బోర్డు పాడైంది. పాతదాన్నే తిరిగి పెట్టమని ఆయన అడిగేసరికి చాసీ, అంటే భాగాలన్నీ బిగించే లోపలి ఇనుప చట్రం, పాత ఇనుము కింద వెళ్లిపోయింది. డయలు గాజు, ముల్లును నడిపే చక్రాలు ఎంత వెతికినా దొరకలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆనాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: కొత్తగా చేర్చినదాన్ని ఒక పూటలో విప్పేస్తే రేడియో మునుపటి రూపానికి రావాలి. పెట్టెకు కొత్త రంధ్రం పడకూడదు, చాసీకి రంపం తగలకూడదు. పాడైన కండెన్సరును అదే విలువ గలదానితో మార్చడం మరమ్మతు గనుక దానికి అభ్యంతరం లేదు.

ఏ పని మొదలుపెట్టేముందైనా ప్లగ్గు దగ్గరికి పోకుండా వెనక అట్ట విప్పి, వాల్వుల మీద ముద్రించిన పేర్లు చదవండి. ఐరోపా పద్ధతిలో పేరు పెట్టిన వాల్వులలో మొదటి అక్షరమే అసలు కథ చెబుతుంది. ఈసీహెచ్ 81, ఈఎల్ 84, ఈజడ్ 80 వంటి 'ఈ' అక్షరపు వాల్వులైతే వాటి ఫిలమెంట్లు 6.3 వోల్టులతో వెలుగుతాయి. అలాంటి సెట్టులో సాధారణంగా బరువైన పవర్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, చాసీ కరెంటు లైనుకు దూరంగా ఉంటుంది. యూసీహెచ్ 81, యూఎల్ 84, యూవై 85 వంటి 'యూ' అక్షరపు వాల్వులైతే ట్రాన్స్‌ఫార్మరు సాధారణంగా ఉండదు. ఏసీ, డీసీ రెండింటి మీదా పనిచేసేలా చేసిన ఈ సెట్లలో ఫిలమెంట్లన్నీ ఒక దండలా వరుసగా కలిపి ఉంటాయి, చాసీ నేరుగా కరెంటు లైనులోని ఒక తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెట్టినా, గోడలోని సాకెట్టుకు తీగలు తారుమారుగా వేసినా చాసీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. అందుకే ఆ రోజుల్లో నాబు బిగించే మర చివర మైనంతో మూసేవారు. నాబు ఊడిపోయి ఇనుప కడ్డీ కనబడుతున్న సెట్టును పిల్లలున్న ఇంట్లో ఉంచడం చాలా ప్రమాదం.

మీది 'యూ' రకమైతే నా సలహా ఖచ్చితంగా ఉంటుంది. ఆ రేడియో నుంచి బయటికి ఏ తీగా రాకూడదు. ఫోను గాని, టీవీ గాని, హెడ్‌ఫోను గాని దానికి తీగతో కలపకూడదు. బ్లూటూత్ బోర్డును, దాన్ని నడిపే సెల్లులను పెట్టె లోపలే ఉంచి, వెనక అట్ట బిగించిన తరువాతే ప్లగ్గు పెట్టాలి. సెల్లులు చార్జి చేయవలసి వస్తే రేడియో ప్లగ్గు పూర్తిగా ఊడదీసి చేయాలి. లిథియం సెల్లు కన్నా నాలుగు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు నయం. నాలుగూ కలిపితే 4.8 వోల్టులు వస్తాయి, చిన్న బోర్డులకు అది సరిపోతుంది, వేడిని కూడా అవి కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. వేడి సంగతి చిన్నది కాదు. యూసీహెచ్ 81కు 19, యూబీఎఫ్ 89కు 19, యూఎల్ 84కు 45, యూవై 85కు 38 వోల్టులు పోగా 230లో మిగిలిన 109 వోల్టులను ఒక రెసిస్టరు మింగాలి, 0.1 ఆంపియరు ప్రవాహానికి అది దాదాపు 11 వాట్ల వేడి, దానికి వాల్వుల వేడి అదనం. మన రోహిణికార్తె ఎండల్లో ఆ పెట్టె లోపలి పరిస్థితి మీరే ఊహించండి. కొత్త బోర్డును అడుగున, ఆ రెసిస్టరుకు వీలైనంత దూరంగా, రెండువైపుల అంటుకునే టేపుతో పెట్టండి; మేకులు అక్కర్లేదు.

ఇక కరెంటు ఇవ్వడం. ముప్పై ఏళ్లు మూలనపడ్డ సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టడమంటే దాని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును చేతులారా కాల్చుకోవడమే. పవరు వాల్వు గ్రిడ్డుకు (వాల్వులోని ప్రవాహాన్ని అదుపు చేసే తీగకు) ముందుండే 0.01 మైక్రోఫారడ్ కాగితపు కండెన్సరు సముద్రపు తేమకు చెడిపోయి, లోపల ఎంతో కొంత కరెంటును దాటనిస్తుంది. దానివల్ల గ్రిడ్డు మీద పాజిటివ్ వోల్టేజి చేరి, వాల్వు అదుపు తప్పి ఎర్రబడి, చివరికి ట్రాన్స్‌ఫార్మరు తీగచుట్ట తెగిపోతుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మరు చుట్టేవారు ఇప్పుడు అరుదు. కాబట్టి ఆ ఒక్క కండెన్సరును పరీక్షించకుండానే మార్చేయండి. 630 వోల్టుల పాలిస్టరు రకం కొద్ది రూపాయలకే దొరుకుతుంది. తరువాత పవర్ సప్లైలోని పెద్ద ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు చూడాలి. అవి ఎండిపోతే స్పీకరులో గూఁ అనే హమ్ వస్తుంది. పాత డబ్బాను పీకకుండా తీగలు మాత్రం విప్పి, 450 వోల్టుల కొత్తవాటిని చాసీ అడుగున అమర్చవచ్చు. ఎక్కువ పెడితే మంచిదని 220 మైక్రోఫారడ్‌లు వేయవద్దు. ఈజడ్ 80 వాల్వు తరువాత వచ్చే మొదటి కండెన్సరు 50కి మించకూడదు, మించితే ఆ వాల్వే పోతుంది. లైనుకూ చాసీకీ మధ్య ఉన్న చిన్న కండెన్సరు స్థానంలో మామూలుది కాకుండా, వై2 అని ముద్రించిన రక్షణ రకాన్నే వాడండి.

ఈ పనులయ్యాక 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును రేడియోతో సీరీస్‌లో (ఒకే తీగలో వరుసగా) పెట్టి కరెంటు ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి నెమ్మదిగా మసకబారితే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయండి. వెనక 200, 220, 240 అని వోల్టేజి ఎంచుకునే బిళ్ల ఉంటే 240 దగ్గర పెట్టండి. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో 250 వోల్టుల దాకా మిగిలి ఉండవచ్చు కనుక, 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుతో వాటిని ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టండి. ఈ పేరా చదివి మీకు ఏమాత్రం సంకోచం కలిగినా, వాల్వు సెట్లు తెలిసిన పాత మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ అలాంటి పెద్దలు ఇంకా ఉన్నారు, అడిగితే సంతోషంగా చెబుతారు.

రేడియో మామూలుగా పలికిందంటే మీ కోరికకు దారి ఎప్పుడో వేసి ఉంది. చాలా సెట్ల వెనక గ్రామఫోను బొమ్మో, పీయూ అనే అక్షరాలో ఉన్న రెండు రంధ్రాలు ఉంటాయి. ఆ రోజుల్లో గ్రామఫోను పికప్పును అందులో కలిపి, రేడియో స్పీకరులో రికార్డు వినేవారు. బ్లూటూత్ బోర్డును కలపవలసింది అక్కడే; 'యూ' రకమైతే మాత్రం పెట్టె లోపలి వైపు నుంచే కలపాలి. బోర్డు నుంచి ఎడమ, కుడి అని రెండు ధ్వనులు వస్తాయి, రేడియోకు ఒకటే కావాలి. రెండింటినీ ముడివేస్తే బోర్డు ఔట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి తలపడి ధ్వని చెడుతుంది. ఒక్కొక్కదానికి 1 కిలోఓమ్ రెసిస్టరు పెట్టి ఆ తరువాత కలపండి. అక్కడి నుంచి 600 ఓమ్‌లకు 600 ఓమ్‌ల చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు ద్వారా పీయూకి ఇవ్వండి. అది 'యూ' రకం సెట్టులో షాకు నుంచి కాపాడే సాధనం కాదు, హమ్మునూ కీచుమనే రొదనూ ఆపడానికి మాత్రమే.

'ఈ' రకం సెట్టులో 6.3 వోల్టుల ఫిలమెంటు లైను నుంచే బోర్డుకు కరెంటు తీసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. ఆలోచన మంచిదే గాని ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ లైనులో ఒక కొస తరచుగా చాసీకి కలిపి ఉంటుంది. ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెట్టాక వచ్చే నెగటివ్ తీగ, చాసీ ఒకటి కావు. బోర్డు నెగటివ్‌ను ఆడియో తీగ ద్వారా చాసీకి కలిపిన మరుక్షణం ఒక డయోడు గుండా ఫిలమెంటు లైను షార్టవుతుంది. పైన చెప్పిన ఆడియో ట్రాన్స్‌ఫార్మరు ఉంటే ఈ చిక్కు రాదు. ఇంకా నిశ్చింత కావాలంటే 5 వోల్టులు తీసుకొని 5 వోల్టులే ఇచ్చే, రెండు వైపులూ విడివిడిగా ఉండే చిన్న డీసీ మాడ్యూలును మధ్యలో పెట్టవచ్చు. ఇవన్నీ చెన్నై రిచీ స్ట్రీటులో ఒకేచోట దొరుకుతాయి. మీరు పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటారు.

రెండు జాగ్రత్తలు మిగిలాయి. మొదటిది, స్టేషను వినేటప్పుడు బ్లూటూత్ బోర్డును ఆపేయండి, ఎందుకంటే స్విచ్చింగు సప్లై ఏదైనా మీడియం వేవ్ మీద బుసబుసలు పోస్తుంది. రెండోది, డయలు గాజును తడిగుడ్డతోనో స్పిరిటుతోనో తుడవకండి. లోపలివైపు అక్షరాలు ఒక్క తుడుపుకే లేచిపోతాయి, పొడి కుంచె చాలు. ఆ గాజు మీది ముల్లు 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగితే విజయవాడ, 900 దగ్గర కడప, 720 దగ్గర మద్రాసు పలికేవి. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యాక మన ఇళ్లలో తెలుగు వినిపించిన ముల్లు అది. మీ నాన్నగారు కాపాడమంటున్నది ఆ ముల్లునే అని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న: మా మామయ్య గల్ఫ్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్ నా దగ్గర ఉంది. రేడియో పలుకుతుంది గాని క్యాసెట్టు తిరగదు. అందులోని క్యాసెట్టు భాగం తీసి యూఎస్‌బీ ప్లేయరు బిగిస్తామని ఒక దుకాణదారు అన్నారు. మా అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్లు మూడు ఉన్నాయి. అవి ఎక్కడైనా కాపీ చేయించుకోవచ్చు కదా అని అనుకుంటున్నాను. – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు క్యాసెట్లు, ఆ తరువాతే యూఎస్‌బీ. అమ్మమ్మగారి గొంతు ఆ మూడు టేపుల్లో తప్ప ఇంకెక్కడా లేదు, దాన్ని తెలియనివారి చేతికి ఇవ్వవద్దు. పైగా మీ టూ ఇన్ వన్ బహుశా చెడిపోలేదు. మోటారు నుంచి చక్రానికి వెళ్లే రబ్బరు బెల్టు ముప్పై నలభై ఏళ్లకు కరిగి తారులా అంటుకుపోతుంది. తిరగకపోవడానికి తరచుగా అదే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లలతో ఆ తారును ఓపికగా తుడిచి, అదే కొలత బెల్టు వేస్తే మోటారు మళ్లీ పని అందుకుంటుంది. పాత బెల్టు పొడవు కొలవలేకపోతే దారాన్ని చక్రాల చుట్టూ తిప్పి కొలిచి, అందులో ఐదు శాతం తగ్గించి అడగండి.

అమ్మమ్మగారి క్యాసెట్టు పెట్టేముందు పనికిరాని టేపు ఒకటి అరగంట నడిపి, టేపు నమలడం లేదని తేల్చుకోండి. హెడ్డును, రబ్బరు రోలరును శుభ్రం చేయండి. క్యాసెట్టు లోపల హెడ్డుకు ఎదురుగా ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటుంది చాలాసార్లు. అది లేకపోతే ధ్వని మూతిమూసినట్టు వస్తుంది. అలాంటప్పుడు మరలున్న మంచి క్యాసెట్టు పెట్టెలోకి టేపు చుట్టలను జాగ్రత్తగా మార్చవచ్చు. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న చిన్న మరను అటూ ఇటూ కొంచెం తిప్పితే గొంతులోని స, ష అక్షరాలు తేటగా వినిపించే చోటు ఒకటి దొరుకుతుంది. ఒక్కొక్క క్యాసెట్టుకు అది వేరుగా ఉంటుంది, దానికదే సరిచూసుకోవాలి.

రికార్డింగుకు హెడ్‌ఫోను సాకెట్టు నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, వాల్యూము సగానికి లోపు ఉంచి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా దాచండి. ఎంపీ3 తరువాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. రొద తీసే సాఫ్ట్‌వేరు వాడాలనిపిస్తే దాన్ని కాపీ మీదే వాడి, అసలు ఫైలును ముట్టుకోకండి. ఇటువంటి రొదలో నుంచి ఇంట్లోని గడియారం గంట, పెరటి కాకి వినిపిస్తే అవి కూడా ఆ రోజుకు చెందినవే. శుభ్రం పేరుతో వాటిని తుడిచేస్తే తరువాత వెలితిగా ఉంటుంది.

ఇదంతా అయ్యాక బ్లూటూత్ కావాలంటే క్యాసెట్టు భాగం తీయనవసరమే లేదు. లోపల వాల్యూము కంట్రోలు పైకొసకు 1 మైక్రోఫారడ్ కండెన్సరు ద్వారా బోర్డు ధ్వని ఇచ్చి, రేడియోకూ బ్లూటూత్‌కూ మధ్య మార్చడానికి ఒక చిన్న స్విచ్చును బ్యాటరీ అరలో దాచవచ్చు. ఆ అరలో బోర్డు కూడా ఇముడుతుంది. ఈ సెట్టు తొమ్మిదో పన్నెండో వోల్టులతో నడుస్తుంది కాబట్టి పైన వాల్వు రేడియోకు చెప్పిన ప్రమాదం ఇక్కడ లేదు, అయితే కరెంటు తీగ వచ్చే మూలకు మాత్రం దూరంగా ఉండండి.

ప్రశ్న: నా దగ్గర హెచ్ఎంవీ ఫియెస్టా రికార్డు ప్లేయరు ఉంది, 78 వేగం రికార్డులూ ఉన్నాయి, లాంగ్‌ప్లేలూ ఉన్నాయి. దాని ధ్వనిని బ్లూటూత్ స్పీకరులో వినాలని ఫోనో ప్రీఆంప్లిఫయర్ కొన్నాను. కలిపితే ధ్వని పగిలిపోతోంది. లోపం ఎక్కడ? – ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: లోపం ప్రీఆంప్లిఫయర్‌లో గాని ఫియెస్టాలో గాని లేదు, రెండింటి జోడీలో ఉంది. మీరు కొన్నది అయస్కాంతపు కార్ట్రిడ్జికి (సూది కదలికను విద్యుత్తుగా మార్చే భాగానికి) ఉద్దేశించినది. దాని నుంచి కొన్ని మిల్లీవోల్టులే వస్తాయి గనుక ఆ పెట్టె దాన్ని బాగా పెంచి, తక్కువ స్వరాలను ఎత్తి ఇస్తుంది. మీ సెట్టులోది సెరామిక్ కార్ట్రిడ్జి. దాని నుంచి వందల మిల్లీవోల్టులు వస్తాయి, కాబట్టి పెంచేసరికి పగలడం సహజం. దానికి కావలసింది ధ్వనిని పెంచే పెట్టె కాదు, దాదాపు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ నిరోధం ఉన్న ఒక చిన్న బఫరు, అంటే ధ్వనిని పెంచకుండా ఉన్నదున్నట్టు అందించే సర్క్యూట్. టీఎల్ 072 ఐసీ ఒకటి, నాలుగైదు రెసిస్టర్లు, రెండు కండెన్సర్లతో అరచేతిలో పట్టేంత బోర్డు తయారవుతుంది. ఆ బఫరు లేకుండా నేరుగా బ్లూటూత్ ట్రాన్స్‌మిటరుకు కలిపితే, దాని తక్కువ ఇన్‌పుట్ నిరోధం వల్ల మృదంగమూ డోలూ మాయమై సన్నాయి మాత్రమే మిగిలినట్టు ఉంటుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. 78 వేగం రికార్డుకూ లాంగ్‌ప్లేకూ ఒకే సూది వాడవద్దు. లాంగ్‌ప్లే సూది కొన సుమారు 18 నుంచి 25 మైక్రాన్‌ల వ్యాసార్ధం, 78ది సుమారు 65 నుంచి 75. సన్నసూది 78 గాడిలో అడుగుకు జారి అక్కడి దుమ్మును గీరుతూ పోతుంది. లావుసూది లాంగ్‌ప్లే గాడి అంచులను చెక్కేస్తుంది. మీ కార్ట్రిడ్జిలో తిరగేసే సూది ఉంటే, ప్రతిసారీ అది ఏ వైపు ఉందో చూసి పెట్టండి. లక్కతో చేసిన 78 రికార్డును ఆల్కహాలుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది.

ప్రశ్న: మా ఊరి నాటక సమాజం దగ్గర పాత మైకు సెట్టు, రెండు బాకా స్పీకర్లు ఉన్నాయి. పద్యాలకు ఫోను నుంచి శ్రుతి ఇవ్వాలి. మామూలు పార్టీ స్పీకరు కూడా అదే ఆంప్లిఫయర్‌కు కలపవచ్చా? – ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: శ్రుతికి ఫోనును ఆక్సిలరీ ఇన్‌పుట్‌లో ఇవ్వండి, మైకు ఇన్‌పుట్‌లో ఇస్తే కర్ణకఠోరంగా ఉంటుంది. ఎడమ కుడులు కలపడానికి మొదటి జవాబులో చెప్పిన రెండు 1 కిలోఓమ్ రెసిస్టర్లే చాలు. పార్టీ స్పీకరు సంగతి వేరు. ఆంప్లిఫయర్ వెనక 100 వోల్టులు అని రాసిన బిందువులకు, లోపల లైను ట్రాన్స్‌ఫార్మరు ఉన్న బాకాలనే కలపాలి. 8 ఓమ్‌ల స్పీకరును అక్కడ కలిపితే ముందు స్పీకరు కాయిలు, ఆ వెంటనే ఆంప్లిఫయర్ కాలిపోతాయి. 8 ఓమ్‌లు అని వేరే బిందువు ఉన్నా, రెండు రకాలనూ ఒకేసారి వాడకండి. పార్టీ స్పీకరులో సొంత ఆంప్లిఫయర్ ఉంటే, మైకు సెట్టు లైన్ అవుట్ నుంచి దాని లైన్ ఇన్‌పుట్‌కు తీగ వేయడం సురక్షితం.